అమెరికా పాత రికార్డుల్లో వంశచరిత్ర: ప్రముఖుల జాడలు పట్టుకొని వెతికే పద్ధతి

1848లో అబ్రహాం లింకన్ అమెరికా ప్రతినిధుల సభలో సభ్యుడిగా ఉన్నప్పుడు, మసాచుసెట్స్‌లోని హింగమ్ పట్టణం నుంచి సోలమన్ లింకన్ అనే పెద్దమనిషి ఉత్తరం రాసి ఆయన పూర్వీకుల వివరాలు అడిగాడు. తన తాత 1782 ప్రాంతంలో వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ (రాష్ట్రంలో జిల్లా వంటి విభాగం) నుంచి కెంటకీకి తరలివచ్చాడని లింకన్ జవాబు రాశాడు. ముత్తాత పెన్సిల్వేనియా నుంచి వర్జీనియాకు వచ్చాడని, ఆయన క్వేకర్ మతస్థుడని ఇంట్లో అస్పష్టంగా చెప్పుకునేవారని, అంతకు మించి తనకు తెలియదని కూడా అందులో ఉంది. 1859లో తన మిత్రుడు జెస్సీ ఫెల్ కోసం రాసి ఇచ్చిన చిన్న స్వీయపరిచయంలో ఆయన మళ్ళీ ఈ విషయానికి వచ్చాడు. తమ కుటుంబాన్ని న్యూ ఇంగ్లండ్ (మసాచుసెట్స్ తదితర ఈశాన్య రాష్ట్రాల) లింకన్‌లతో కలపడానికి జరిగిన ప్రయత్నంలో, రెండు కుటుంబాల్లోనూ ఈనాక్, లీవై, మొర్దెకై, సోలమన్, అబ్రహాం వంటి పేర్లు ఉండడం తప్ప మరేమీ తేలలేదని రాశాడు.

ఆ బంధుత్వం నిజంగానే ఉంది. 1637లో ఇంగ్లండ్ నుంచి వచ్చి హింగమ్‌లో స్థిరపడిన శామ్యూల్ లింకన్ నుంచి లెక్కిస్తే అధ్యక్షుడు లింకన్ ఏడవ తరం వాడు. అయినా చేతిలో ఉన్నది పేర్ల పోలిక మాత్రమే అయినప్పుడు దాన్ని రుజువుగా ఒప్పుకోకపోవడమే సరైన పని, లింకన్ చేసినదీ అదే. అమెరికా రికార్డుల్లో పూర్వీకులను వెతికే వారు ముందుగా అలవరచుకోవలసిన గుణం ఇదే కనుక, ఈ మార్గదర్శిలో ఎక్కువ ఉదాహరణలు ఆయన కుటుంబం నుంచే తీసుకున్నాను.

మొదటి మెట్టు: మనిషిని, ప్రశ్నను ఎంచుకోవడం

సాధనను ప్రముఖులతో మొదలుపెట్టడంలో ఒక సౌలభ్యం ఉంది. వారి గురించి ఇప్పటికే ఎందరో పరిశోధించి ఉంటారు కాబట్టి మీరు తేల్చిన జవాబును సరిచూసుకోవచ్చు. ప్రమాదమూ ఉంది. పేరున్న వారి చుట్టూ కల్పిత వంశవృక్షాలు పుట్టుకొస్తాయి. ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్ళలో గుస్తావ్ ఆంజూ అనే వ్యక్తి ధనిక కుటుంబాలకు గొప్ప పూర్వీకులను కల్పించి అమ్మాడు. ఆ కట్టుకథలు నేటికీ ఆన్‌లైన్ వంశవృక్షాల్లో తిరుగుతూనే ఉన్నాయి.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. ‘లింకన్ వంశం గురించి తెలుసుకోవాలి’ అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ‘లింకన్ తల్లిదండ్రులు థామస్ లింకన్, నాన్సీ హాంక్స్ ఎప్పుడు, ఎక్కడ పెళ్ళి చేసుకున్నారు?’ అని అడిగితే వెతకవలసిన రికార్డు ఏదో వెంటనే స్పష్టమవుతుంది. సొంత కుటుంబాన్ని వెతికేవారు ఇంట్లోని పెద్దలతో మొదలుపెట్టి, తెలిసిన తరం నుంచి తెలియని తరానికి ఒక్కో మెట్టుగా వెనక్కి వెళ్ళాలి. ఏ చారిత్రక పురుషుడి దగ్గరనుంచో కిందికి దిగుతూ మన దాకా రావాలని చూస్తే, మధ్యలో ఎక్కడో ఒకచోట కోరికే ఆధారంగా మారిపోతుంది.

రెండవ మెట్టు: పేరు కంటే ముందు ఊరు

ఎక్కువమంది ఈ మెట్టును దాటవేస్తారు. అమెరికాలో పెళ్ళి, వీలునామా, భూమి క్రయవిక్రయం వంటి రికార్డులను చాలా రాష్ట్రాల్లో కౌంటీ న్యాయస్థానం భద్రపరిచింది. న్యూ ఇంగ్లండ్‌లోనైతే జనన మరణాలు, వివాహాలు పట్టణ గుమాస్తా పుస్తకాల్లోకి ఎక్కాయి. కాబట్టి మీ మనిషి ఏ సంవత్సరంలో ఏ కౌంటీలో ఉన్నాడో, ఆనాటికి ఆ కౌంటీ సరిహద్దులు ఎక్కడి వరకు ఉన్నాయో తెలియకుండా వెతుకులాట ముందుకు సాగదు. కౌంటీలు విడిపోయినప్పుడు పాత పుస్తకాలు సాధారణంగా మాతృ కౌంటీలోనే ఉండిపోయాయి. మన దగ్గర కొత్త జిల్లా ఏర్పడినా తాతల నాటి దస్తావేజు నకలు కోసం పాత రిజిస్ట్రారు కార్యాలయానికే వెళ్ళవలసి వచ్చినట్లన్న మాట. లింకన్ పుట్టిన పొలం నేడు కెంటకీలోని లరూ కౌంటీలో ఉంది. అయితే ఆ కౌంటీ 1843లో ఏర్పడింది. ఆయన పుట్టిన 1809లో ఆ నేల హార్డిన్ కౌంటీది కనుక, ఆ కాలపు దస్తావేజుల కోసం ఎలిజబెత్‌టౌన్‌లోని హార్డిన్ న్యాయస్థానాన్నే చూడాలి.

పైన అడిగిన పెళ్ళి ప్రశ్నకు జవాబు ఆలస్యమైనదీ ఇందువల్లే. లింకన్ కుటుంబం హార్డిన్ కౌంటీలో నివసించింది కాబట్టి పెళ్ళి రికార్డు కోసం అక్కడ వెతికారు, దొరకలేదు. దొరకకపోయేసరికి అసలు పెళ్ళే జరగలేదన్న పుకార్లు లేచాయి. లింకన్ హత్యకు గురైన పదమూడేళ్ళ తర్వాత, 1878లో, పొరుగునే ఉన్న వాషింగ్టన్ కౌంటీ న్యాయస్థానంలో ఆ పత్రాలు బయటపడ్డాయి. 1806 జూన్ 12న జెస్సీ హెడ్ అనే మత బోధకుడు ఆ పెళ్ళి జరిపించినట్లు వాటిలో ఉంది. పెళ్ళి ఆడపిల్ల వైపు వారి ఊళ్ళో జరిగి, కాపురం మరో కౌంటీలో సాగడం ఆ కాలంలో మామూలు విషయం. ఒక కౌంటీలో రికార్డు లేదంటే ఆ ఘటన జరగలేదని అర్థం కాదు. చుట్టుపక్కల కౌంటీలన్నీ చూసిన తర్వాతే ఆ మాట అనాలి.

అందువల్ల కాగితం మీద ఒక కాలక్రమం గీసుకోండి. సంవత్సరం, ఊరు, ఆనాటి కౌంటీ, ఆ సమాచారం ఎక్కడిది అని నాలుగు గళ్ళు చాలు. లింకన్ విషయంలో 1809లో కెంటకీ, 1816లో ఇండియానా, 1830లో ఇల్లినాయి అని రాసుకుంటే ఏ రాష్ట్రపు పుస్తకాలు ఏ ఏళ్ళకు తెరవాలో తేలిపోతుంది.

మూడవ మెట్టు: జనగణనను కొత్తదాని నుంచి పాతదానికి చదవడం

అమెరికా 1790 నుంచి పదేళ్ళకోసారి జనగణన చేస్తోంది. వ్యక్తుల వివరాలు 72 ఏళ్ళు గోప్యంగా ఉంటాయి. అందుకే 1950 జనగణన పత్రాలు 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి, 1960వి 2032లో వస్తాయి. ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో ఖాతా తెరిస్తే వీటిలో చాలా భాగం ఇంటి నుంచే చూడవచ్చు. యాన్సెస్ట్రీ వంటివి డబ్బు తీసుకుంటాయి గాని, అమెరికాలోని అనేక ప్రజా గ్రంథాలయాల్లో సభ్యులకు వాటిని ఉచితంగా వాడుకునే వీలు కల్పిస్తారు.

ఏ జనగణనలో ఏమి దొరుకుతుందో ముందే తెలుసుకోవాలి. 1790 నుంచి 1840 వరకు ఇంటి పెద్ద పేరు మాత్రమే రాసి, మిగిలిన వారిని వయసు, లింగ భేదాల ప్రకారం అంకెలుగా లెక్కపెట్టారు. స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ రాయడం 1850లో మొదలైంది. ఇంటి పెద్దకు వారు ఏమవుతారో రాయడం 1880లో వచ్చింది. అందువల్ల 1850, 1860, 1870 పత్రాల్లో ఒకే ఇంట్లో కనిపించిన స్త్రీని భార్య అనీ, పిల్లలను ఆమె కన్నవారనీ తొందరపడి రాసుకోకూడదు. 1900 నాటి పత్రాలు పుట్టిన నెలను, సంవత్సరాన్ని, తల్లికి ఎంతమంది పుట్టి ఎంతమంది బతికి ఉన్నారో కూడా చెబుతాయి. నా దృష్టిలో అన్నింటికంటే విలువైన జనగణన అది. 1940 పత్రాల్లో వివరాలు చెప్పిన వ్యక్తి పేరు పక్కన సున్నా చుట్టిన ఎక్స్ గుర్తు ఉంటుంది. సమాచారం ఎవరి నోటి నుంచి వచ్చిందో తెలిపే ఇలాంటి సౌకర్యం పాత రికార్డుల్లో అరుదు.

1890 జనగణనలో ఎక్కువ భాగం 1921 జనవరిలో వాషింగ్టన్‌లోని వాణిజ్య శాఖ భవనంలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి, తడిసి పాడైంది. మిగిలినదాన్ని తర్వాత ప్రభుత్వమే నాశనం చేయించింది. ఆరు కోట్లకు పైగా జనాభాలో నేడు దొరికేవి ఆరు వేల పైచిలుకు పేర్లే. 1880కీ 1900కీ మధ్య ఉన్న ఆ ఇరవై ఏళ్ళ ఖాళీని నగర డైరెక్టరీలతో, రాష్ట్రాలు సొంతంగా చేసిన జనగణనలతో, పన్ను పుస్తకాలతో పూడ్చుకోవాలి.

జనగణనలోని వయసులను గుడ్డిగా నమ్మకూడదు. 1818 డిసెంబరులో పుట్టిన లింకన్ భార్య మేరీ టాడ్ లింకన్ వయసు 1850లో 28 అనీ, 1860లో 35 అనీ స్ప్రింగ్‌ఫీల్డ్ పత్రాల్లో నమోదైంది. పదేళ్ళలో ఆమెకు ఏడేళ్ళే పెరిగాయి! పొరపాటు చెప్పినవారిదో రాసినవారిదో మనకు తెలియదు. ఒక్క పత్రంలోని వయసును బట్టి పుట్టిన సంవత్సరాన్ని ఖాయం చేయకూడదని మాత్రం తెలుస్తుంది.

జనగణన ఒక ప్రసిద్ధ కథనే తలకిందులు చేసిన సందర్భం మరొకటి ఉంది. 1892 జనవరి 1న ఎల్లిస్ ద్వీపం వలస కేంద్రం తెరిచినప్పుడు మొదట నమోదైన ప్రయాణికురాలు ఐర్లండ్‌లోని కార్క్ నుంచి వచ్చిన యానీ మూర్. ఆమె పడమటికి వెళ్ళి, టెక్సస్‌లో స్థిరపడి, 1923లో వీధిరైలు ప్రమాదంలో చనిపోయిందని దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. ఆ టెక్సస్ యానీ మూర్ ఇల్లినాయిలో పుట్టినట్లు రికార్డులు చెబుతున్నాయని ఒక పరిశోధకురాలు గమనించారు. ఇల్లినాయిలో పుట్టిన అమ్మాయి ఐర్లండ్ నుంచి వలస రావడం ఏమిటి? 2006లో అసలు యానీ మూర్ తేలింది. ఆమె న్యూయార్క్ వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. అక్కడే పెళ్ళి చేసుకొని, పేదరికంలో బతికి, 1924లో మరణించింది. పేరు ఒకటే, మనుషులు ఇద్దరు.

నాలుగవ మెట్టు: న్యాయస్థానపు పుస్తకాలు

బంధుత్వాన్ని గట్టిగా నిరూపించేవి వీలునామాలు, ఆస్తి పంపకాలు, భూమి దస్తావేజులు. లింకన్‌కు దొరకని లంకె తర్వాతి పరిశోధకులకు దొరికింది వీటిలోనే. హింగమ్‌లో పుట్టి, న్యూజెర్సీ మీదుగా పెన్సిల్వేనియా చేరి 1736లో మరణించిన మొర్దెకై లింకన్ తన వీలునామాలో కుమారుడు జాన్‌కు న్యూజెర్సీలోని భూమి రాసి ఇచ్చాడు. ఆ జానే తర్వాత వర్జీనియాలోని రాకింగ్‌హామ్ ప్రాంతానికి తరలివెళ్ళాడు, అధ్యక్షుడి ముత్తాత ఆయనే. ఇంట్లో అస్పష్టంగా చెప్పుకున్న ‘పెన్సిల్వేనియా నుంచి వర్జీనియాకు’ అన్న మాట అలా కాగితం మీద నిలబడింది. కుటుంబ కథలను తోసిపుచ్చకూడదు, అలాగని తీర్పుగానూ తీసుకోకూడదు. అవి ఏ కౌంటీ పుస్తకం తెరవాలో చెప్పే సూచనలు.

దస్తావేజులో సాక్షుల పేర్లు, పక్క పొలాల యజమానుల పేర్లు తప్పక రాసుకోండి. కొత్త నేలకు వలస వెళ్ళినవారు తరచు బంధువులతో, ఇరుగుపొరుగుతో కలిసే వెళ్ళారు. మీ మనిషి పేరు దొరకని చోట అతడి పొరుగువాడి పేరు దొరికితే దారి దొరికినట్లే. ఒకే ఊళ్ళో ‘సీనియర్’, ‘జూనియర్’ అని కనిపించినవారు తండ్రీకొడుకులే కానక్కరలేదు. ఒకే పేరున్న పెద్దవాడిని, చిన్నవాడిని గుర్తుపట్టడానికి కూడా అలా రాసేవారు.

ఇదివరకు ఈ పుస్తకాలకు సూచిక లేకపోతే పుట తర్వాత పుట తిప్పవలసి వచ్చేది. చేతిరాత దస్తావేజుల పూర్తి పాఠంలో పదాలు వెతికే సౌకర్యాన్ని ఫ్యామిలీసెర్చ్ 2024లో తెచ్చింది. యంత్రం చదివిన పాఠంలో తప్పులు ఉంటాయి కాబట్టి అసలు పుట బొమ్మను చూడకుండా ఏదీ ఖాయం చేసుకోవద్దు.

1752కు ముందరి తేదీలతో ఒక చిక్కు ఉంది. బ్రిటిష్ వలస రాజ్యాల్లో అప్పటివరకు పాత క్యాలెండరు నడిచింది, సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జార్జి వాషింగ్టన్ కుటుంబ బైబిల్లో ఆయన పుట్టిన తేదీ ఫిబ్రవరి 11, 1731/2 అని ఉంటుంది. కొత్త క్యాలెండరు పదకొండు రోజులు ముందుంటుంది కనుక, మనం జరుపుకునే 1732 ఫిబ్రవరి 22 అదే రోజు. ఇలాంటి తేదీలను మీరు మార్చి రాయకుండా, మూలంలో ఎలా ఉందో అలాగే రాసి పక్కన వివరణ పెట్టుకోండి.

జనన మరణ ధ్రువపత్రాల మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. రాష్ట్రస్థాయిలో నమోదు మసాచుసెట్స్‌లో 1841లోనే మొదలైనా, టెక్సస్‌లో 1903లో, పెన్సిల్వేనియాలో 1906లో, కెంటకీలో 1911లో గాని స్థిరపడలేదు. అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకాలు, సమాధి రాళ్ళు, కుటుంబ బైబిళ్ళే దిక్కు.

ఐదవ మెట్టు: పెన్షన్ దస్త్రాలు

సామాన్యుడి జీవితకథ అతడి సొంత మాటల్లో దొరికే చోటు ఇది. స్వాతంత్ర్య యుద్ధ సైనికులకు పెన్షన్ ఇచ్చే 1832 చట్టం ప్రకారం ముసలి సైనికుడు న్యాయస్థానానికి వచ్చి, ఎక్కడ పుట్టాడో, ఏ దళంలో చేరాడో, ఏ యుద్ధంలో పోరాడాడో ప్రమాణం చేసి చెప్పాలి. వితంతువులు పెళ్ళిని రుజువు చేయడానికి కుటుంబ బైబిల్లోని పుటలను చించి జతచేశారు. అవి నేటికీ వాషింగ్టన్‌లోని జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) ఆ దస్త్రాల్లోనే ఉన్నాయి.

అంతర్యుద్ధపు దస్త్రాలు ఇంకా మందంగా ఉంటాయి. బానిసత్వం నుంచి తప్పించుకొని ఎందరినో విడిపించిన హారియట్ టబ్‌మన్ ఉత్తరాది పక్షమైన యూనియన్ సైన్యానికి నర్సుగా, వేగుగా పనిచేసింది. అయినా ఆమెకు మొదట అందింది, నల్లజాతి దళంలో పనిచేసిన భర్త నెల్సన్ డేవిస్ వితంతువుగా నెలకు 8 డాలర్ల పెన్షన్. 1899లో కాంగ్రెస్ దాన్ని 20 డాలర్లు చేసింది. ఆమెను వెతికేవారు డేవిస్ పేరు మీద కూడా వెతకాలి. స్త్రీల విషయంలో ప్రతి పెళ్ళి తర్వాతి ఇంటిపేరునూ చూడడం తప్పదు.

ఇరవయ్యవ శతాబ్దపు సైనికుల విషయంలో 1973 జూలైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదాన్ని గుర్తుంచుకోవాలి. 1912 నుంచి 1960 వరకు సేవ నుంచి విడుదలైన ఆర్మీ సైనికుల దస్త్రాల్లో దాదాపు 80 శాతం అందులో కాలిపోయాయి.

ఆరవ మెట్టు: ఓడ జాబితాలు, పౌరసత్వ పత్రాలు

1820 నుంచి ఓడల ప్రయాణికుల జాబితాలు దొరుకుతాయి. ఎల్లిస్ ద్వీపంలో గుమాస్తాలు పేర్లు మార్చేశారన్నది బాగా నాటుకుపోయిన అపోహ. వారు ఓడ బయలుదేరిన రేవులో తయారైన జాబితాతో సరిచూశారే తప్ప కొత్తగా పేర్లు రాయలేదు. పేర్లు సాధారణంగా ఆ తర్వాత, వలస వచ్చినవారి ఇష్టంతోనే మారాయి. 1906 సెప్టెంబరుకు ముందు పౌరసత్వం ఏ న్యాయస్థానమైనా ఇవ్వగలిగేది, పత్రాల్లో వివరాలూ తక్కువ. ఆ తర్వాతి పత్రాల్లో పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, భార్యాపిల్లల పేర్లు ఉంటాయి.

భారతదేశం నుంచి వెళ్ళినవారిని వెతికే వారికి ఇక్కడ ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. 1920, 1930, 1940 జనగణనల్లో భారతీయుల జాతి గడిలో ‘హిందూ’ అని రాసేవారు. కాలిఫోర్నియాలోని పంజాబీ సిక్కులు, ముస్లిములు కూడా ఆ గడిలో హిందువులే, కనుక దాన్ని మతంగా చదవకూడదు. భగత్ సింగ్ థింద్ కేసులో 1923 నాటి సుప్రీంకోర్టు తీర్పు భారతీయులకు పౌరసత్వ మార్గం మూసింది. 1946 నాటి చట్టం దాన్ని తిరిగి తెరిచింది. భీమవరంలో పుట్టి, 1922లో బోస్టన్ చేరి, లెడర్లీ అనే మందుల సంస్థ ప్రయోగశాలల్లో పనిచేసిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు 1948లో మరణించే వరకు అమెరికా పౌరుడు కాలేదు. అటువంటి వారికోసం పౌరసత్వ దరఖాస్తులు వెతికితే కాలం వృథా. బోస్టన్ ఓడ జాబితాలు, 1930, 1940 జనగణనలు, 1940 చట్టం కింద పద్నాలుగేళ్ళు దాటిన విదేశీయులందరూ చేయించుకోవలసి వచ్చిన నమోదు పత్రాలు చూడాలి.

ఏడవ మెట్టు: పేర్లు రాయని మనుషులు

బానిసత్వంలో ఉన్నవారి వంశాన్ని వెతకడం అన్నింటికంటే కష్టం. 1850, 1860లలో బానిసల కోసం వేరుగా రాసిన జాబితాల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే ఉంటాయి. సాధారణంగా పేర్లు ఉండవు. విముక్తులైనవారందరినీ పేర్లతో నమోదు చేసిన మొదటి జనగణన 1870లోది. అందుకే కుటుంబాన్ని 1870లో పట్టుకొని, చుట్టుపక్కల భూమి ఉన్న తెల్లవారి కుటుంబాలను రాసుకొని, వారి వీలునామాల్లో, ఆస్తి జాబితాల్లో, దస్తావేజుల్లో మొదటి పేర్లను, వయసులను సరిపోల్చాలి. విముక్తులు ఆఖరి యజమాని ఇంటిపేరే పెట్టుకున్నారన్న ఊహతో మొదలుపెడితే దారి తప్పుతుంది.

బానిసత్వం నుంచి తప్పించుకొని దాని రద్దు కోసం పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ తాను 1817లో పుట్టి ఉంటానని జీవితాంతం అనుకున్నాడు. మేరీల్యాండ్‌లో ఆయన యజమాని ఏరన్ ఆంథొనీ ఉంచుకున్న పుస్తకంలో, హారియట్ కుమారుడు ఫ్రెడరిక్ అగస్టస్ 1818 ఫిబ్రవరిలో పుట్టినట్లు ఉంది. ఆస్తి లెక్క కోసం రాసుకున్న పద్దు అది. యజమానుల కుటుంబ పత్రాలు రాష్ట్ర అభిలేఖాగారాల్లో, విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో ఉంటాయి గనుక, వెతకవలసింది అక్కడ. విముక్తుల కోసం 1865 నుంచి 1874 వరకు నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలనూ తప్పక చూడండి. చాలా ఖాతాల్లో తల్లిదండ్రుల, తోబుట్టువుల పేర్లు ఉంటాయి. ఆ బ్యాంకు మూతపడే ముందు చివరి అధ్యక్షుడు డగ్లసే.

అధ్యక్షుడు థామస్ జెఫర్సన్, ఆయన ఇంట బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ సంతతి విషయంలో సాక్ష్యాలను ఎలా పేర్చాలో చూడవచ్చు. ఒహాయోలోని రాస్ కౌంటీ 1870 జనగణనలో శాలీ కుమారుడు మాడిసన్ హెమింగ్స్ పేరు పక్కన, ఇతడు థామస్ జెఫర్సన్ కుమారుడని గణకుడే రాశాడు. 1873లో మాడిసన్ తన కథను ఒక ఒహాయో పత్రికకు చెప్పాడు. శాలీ గర్భవతి అయిన ప్రతిసారీ జెఫర్సన్ తన ఎస్టేటు మాంటిచెలోలో ఉన్నట్లు ఆయన సొంత పత్రాలే చూపుతాయి. 1998లో జరిగిన డీఎన్‌ఏ పరీక్షలో శాలీ మరో కుమారుడు ఎస్టన్ హెమింగ్స్ వారసుడి వై క్రోమోజోము (తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది) జెఫర్సన్ పెదనాన్న ఫీల్డ్ జెఫర్సన్ పురుష సంతతితో సరిపోయింది. డీఎన్‌ఏ ఒక్కటే చూస్తే అది జెఫర్సన్ వంశపు ఏ మగవాడైనా కావచ్చని మాత్రమే చెబుతుంది. ఆ మగవాడు థామసే అన్న నిర్ణయానికి అధిక సంఖ్యాక చరిత్రకారులను తెచ్చింది కాగితాల్లోని సాక్ష్యంతో దాన్ని కలిపి చదవడం. మీరు లాలాజలం పంపి తెప్పించుకునే పరీక్షల ఫలితాలనూ ఇదే పద్ధతిలో, రికార్డుల పక్కన పెట్టి చదవాలి.

ఎనిమిదవ మెట్టు: రుజువు రాయడం

దొరికిన ప్రతి పత్రానికీ అది ఏ సంస్థలో, ఏ పుస్తకంలో, ఎన్నో పుటలో ఉందో, మీరు చూసినది అసలు బొమ్మా లేక ఎవరో ఎత్తిరాసినదా అన్నది వెంటనే రాసుకోండి. వెతికి దొరకని చోట్లను కూడా అదే పుస్తకంలో నమోదు చేయాలి. లేకపోతే ఏడాది తర్వాత అదే మైక్రోఫిల్మును మళ్ళీ తిప్పుతారు. సమాచారం ఇచ్చిన వ్యక్తి ఆ ఘటనను స్వయంగా ఎరిగినవాడా అని ప్రతిసారీ అడగండి. మరణ ధ్రువపత్రంలో మరణించిన తేదీ నమ్మదగినదే గాని, అందులోని పుట్టిన ఊరు, తల్లి పుట్టింటి పేరు దుఃఖంలో ఉన్న అల్లుడో, పొరుగువాడో చెప్పినవి కావచ్చు.

రెండు పత్రాలు విభేదించినప్పుడు నచ్చినదాన్ని ఉంచి మరొకటి దాచేయకుండా, ఏది ఎందుకు బలమైనదో ఒక పేరాలో వివరించండి. వంశవృక్షంలో రుజువైన లంకెలను గీతతో, అనుమానంగా ఉన్నవాటిని చుక్కల గీతతో వేరుచేసి, ఆ చుక్కల గీత దగ్గర తర్వాత చూడవలసిన కౌంటీ పేరును, పుస్తకం పేరును రాసిపెట్టుకోండి.